పొగగొట్టానికి కళాయి

క్రిందటి వారం ఈ పేజీలో ఇత్తడి గిన్నెలకు కళాయి వేయడం గురించి వ్రాస్తూ, గిన్నె శుభ్రంగా లేకపోతే తగరం ఎంత పోసినా అంటుకోదని ఒక మాట అన్నాను. దాని మీద ఒక పాఠకుడు ఉత్తరం వ్రాశాడు: "అయ్యా, తమరు కారు పొగగొట్టానికి కూడా కళాయి వేయించారని విన్నాం. అదేమి సంగతి?" ఈ వార్త ఆయనదాకా ఎట్లా వెళ్ళిందో నాకు తెలియదు. మా ఆవిడ మీద అనుమానం ఉన్నది. సరే, అడిగారు గనుక చెబుతాను. వేయించింది తగరం కాదు. తగరం 232 డిగ్రీలకే కరిగిపోతుంది. ఇంజను పక్కన గొట్టం మీద అది ఒక్క పూటైనా నిలవదు. కాని కథ మాత్రం కళాయి కథే.

ఆ కారు మా నాన్నగారు 1973లో కొన్నది. దాని పేరు చెప్పను. అది చేసిన ప్రతి తప్పు వెనకా నా చెయ్యి ఉన్నది కాబట్టి, చేసినవాళ్ళను ఆడిపోసుకోవడం న్యాయం కాదు. ఆ కాలపు ఇంజన్లు చాలావాటిలో లాగే అందులోనూ పొగ బయటికి పోయే మానిఫోల్డు, పెట్రోలూ గాలీ కలిపే కార్బురేటరూ ఒకే వైపున ఉంటాయి. క్రింద పొయ్యి, పైన పాలగిన్నె అన్నమాట. ఈ ఏర్పాటు సంగతి నాకు 2013 మే నెలదాకా పట్టలేదు.

ఆ మే నెలలో సూర్యాపేటలో మా చెల్లెలి పెద్దకూతురు పెళ్ళి. ముహూర్తం పగలు పదకొండూ ఐదు నిమిషాలకు. మేనమామను గదా, గౌరీపూజ చేసుకుంటున్న పిల్లను బుట్టలో కూర్చోబెట్టి మండపంలోకి తీసుకురావలసినవాణ్ణి నేను. బెజవాడ నుంచి సూర్యాపేట నూట ముప్పయి కిలోమీటర్ల పైచిలుకు. ఏడున్నరకు బయలుదేరాం. నందిగామలో కాఫీకి ఆగాం. కాఫీ నాకే కావలసివచ్చింది. ఇది మా ఆవిడ ఇప్పటికీ ఎవరికైనా చెబుతుంది. పదిహేను నిమిషాలు ఇంజను ఆపి, మళ్ళీ బయలుదేరి కిలోమీటరు వెళ్ళామో లేదో, కారు రెండుసార్లు దగ్గి ఆగిపోయింది.

పెట్రోలుకు గాలి పట్టిందన్నమాట. పెట్రోలులోని తేలికపాటి భాగాలు ముప్పయి అయిదు, నలభై డిగ్రీలకే మరగడం మొదలుపెడతాయి. కారు పరుగెత్తేటప్పుడు ఫ్యాను గాలీ, ఎప్పటికప్పుడు వచ్చే చల్లని పెట్రోలూ కలిసి కాపాడుతూ ఉంటాయి. ఇంజను ఆపిన మరుక్షణం ఆ రెండూ ఆగిపోతాయి; మానిఫోల్డు మాత్రం ఆగదు. తాను మింగిన వేడినంతా తీరికగా కార్బురేటరు మీదికి వదులుతుంది. గొట్టంలో పెట్రోలు ఆవిరై బుడగలు కడుతుంది. పంపు బుడగలను తోడలేదు. కనుక నేను త్రాగిన ఆ కాఫీయే కొంప ముంచింది.

తడిగుడ్డ వేశాం, నీళ్ళు చల్లాం, కూర్చున్నాం. సూర్యాపేట చేరేసరికి పదకొండున్నర. వరసకు మేనమామ అయ్యే మా పెదనాన్నగారి అబ్బాయి అప్పటికే బుట్ట మోసి, చెమట తుడుచుకుంటున్నాడు. మా చెల్లెలు ఒక్క మాట అనలేదు. దగ్గరుండి వడ్డించింది, వెళ్ళేటప్పుడు లడ్డూలు కట్టి ఇచ్చింది. తిట్టి ఉంటే బాగుండేది.

తిరిగివచ్చిన మర్నాడే బజారుకు వెళ్ళి ఒక డబ్బా వెండిరంగు కొని తెచ్చాను. లారీల సైలెన్సర్లకు వెండిరంగు వేస్తారు గదా, అది వేడికి విరుగుడు కాబోలు ననుకున్నాను. మానిఫోల్డు ఊడదీసే ఓపిక లేక, దాని మీద బూజు మాత్రం గుడ్డతో దులిపి, బ్రష్షు అందినంత మేరా పూసేశాను. చూడ్డానికి పెళ్ళికొడుకులా ఉన్నది. ఇంజను వేసిన ఐదో నిమిషాన పొగ మొదలయింది. పది నిమిషాలకు వీధి వీధంతా మాడువాసన. పక్కింటివారు బకెట్టుతో వచ్చారు. చల్లారాక చూస్తే రంగంతా పొక్కులు లేచి, వేలితో తాకితే అప్పడంలా రాలిపోయింది.

అప్పుడు వెళ్ళాను సాయిబుగారి దగ్గరికి. మా నాన్నగారి రోజులనుంచీ ఆ కారుకు ఆయనే వైద్యుడు. ఆటోనగర్‌లో చిన్న షెడ్డు. నా నిర్వాకమంతా చూసి ఆయన నవ్వలేదు. "బాబుగారూ, రంగులో పొడి ఒకటి, జిగురు ఒకటి. మీ డబ్బాలో పొడి మంచిదే. జిగురే కాలిపోయింది," అన్నాడు.

ఆ ఒక్క ముక్కలో సగం శాస్త్రం ఉన్నది. మామూలు ఎనామిల్ రంగులో జిగురు నూనెలతో చేసిన పదార్థం. రెండు వందల డిగ్రీల దగ్గరే మాడిపోతుంది. ఇంజను గట్టిగా లాగేటప్పుడు పొగ ఎనిమిది వందల డిగ్రీలు కూడా దాటుతుంది. మనం పోసిన పెట్రోలులోని శక్తిలో ఇంచుమించు మూడో వంతు ఈ గొట్టంలోంచే పోతుంది. ఘాట్ రోడ్డు ఎక్కిన లారీని రాత్రివేళ ఆపి బానెట్టు ఎత్తి చూడండి, మానిఫోల్డు నిప్పుకణికలా కనబడినా ఆశ్చర్యం లేదు. అక్కడ నిలిచే రంగుకు జిగురు వేరు. దాన్ని సిలికోన్ రెసిన్ అంటారు. ఇసుకకూ గాజుకూ వెన్నెముక ఏదో దీనికీ అదే: సిలికాన్, ఆక్సిజన్ కలిసిన గొలుసు. వేడి తగిలినప్పుడు ఇందులోనూ కొంత భాగం కాలిపోతుంది. కాని మిగిలేది బూడిద కాదు. గాజులాంటి పలుచని పొర. ఆ పొరలో అల్యూమినియం రేకుపొడి ఇరుక్కుని, ఇనుముకు పట్టుకుని, ఆరువందల డిగ్రీలదాకా ఉంటుంది. అంటే ఈ రంగు ముందు కాస్త కాలిన తర్వాతనే గట్టిపడుతుంది.

వెండిరంగు సోకుకు కాదని కూడా సాయిబుగారి వల్లనే తెలిసింది. వేడెక్కిన వస్తువు చుట్టూ వెదజల్లే వేడికి 1879లో స్టెఫాన్ అనే శాస్త్రజ్ఞుడు ఒక సూత్రం చెప్పాడు. దాని ప్రకారం మానిఫోల్డు మూడు వందల డిగ్రీలనుంచి ఆరు వందలకు చేరితే, అది వెదజల్లే వేడి రెట్టింపు కాదు, ఐదు రెట్లు దాటుతుంది. తుప్పు పట్టిన గరుకు ఇనుము ఆ వేడిని ధారాళంగా వదులుతుంది. అల్యూమినియం పొడి ఉన్న పూత సుమారు సగమే వదులుతుంది. అదే పూత నల్లరంగుదయితే తుప్పు ఆపుతుంది గాని, కార్బురేటరుకు దానివల్ల ఒరిగేది స్వల్పం. ఈ ముక్క బజారులో ఎవరూ చెప్పరు. డబ్బా మీద డిగ్రీల అంకె చూసి కొనుక్కుంటాం.

మరి వదలని ఆ వేడి ఎక్కడికి పోతుంది? మంచి ప్రశ్న. కొంత పొగతోపాటే వెనక్కి పోతుంది. అక్కడ సైలెన్సరు ఇంకా వేడెక్కుతుంది. కొంత మానిఫోల్డు ఇనుములోనే ఉండిపోయి దాన్ని ఇంకా కాలుస్తుంది. మందమైన పోత ఇనుము దీన్ని ఓర్చుకుంటుంది. ఇప్పటి కుర్రాళ్ళు ముచ్చటపడి వేయించుకునే పలుచని ఉక్కు హెడ్డరు గొట్టాలకు బయట మాత్రమే మందంగా దుప్పటి కప్పితే లోపల ఉక్కు పొరలుపొరలుగా తుప్పై రాలుతుంది. అందుకే మంచి సిరామిక్ పూత వేసేవాళ్ళు గొట్టం లోపలా బయటా కూడా వేస్తారు.

దుప్పటి అన్నాను గనుక ఆ మాట కూడా చెప్పాలి. ఆ రోజున నేను ఇంటినుంచి ఒక మూట తీసుకువెళ్ళాను. మా నాన్నగారి సామాన్ల పెట్టెలో దొరికిన తెల్లని తాడు. మెత్తగా, కాస్త బూజుపట్టి ఉన్నది. "రంగు ఎందుకు సాయిబుగారూ, ఈ రాతినార తాడు చుట్టేస్తే సరి," అని విప్పబోయాను. ఆయన చటుక్కున నా చెయ్యి పట్టుకుని, రెండడుగులు వెనక్కి లాగాడు. నలభై ఏళ్ళ పరిచయంలో ఆయన నన్ను తాకడం అదే మొదటిసారి.

రాతినార మనకు పరాయిది కాదు. కడప జిల్లా పులివెందుల ప్రాంతపు గనుల్లోంచి తీసినదే. నిప్పు అంటదు, నేతకు వస్తుంది, దేవుడిచ్చిన వరమనుకున్నారు. సాయిబుగారు పదిహేనేళ్ళ కుర్రాడుగా పనిలో చేరినప్పుడు బస్సుల సైలెన్సర్లకు చుట్టే పని ఆయనదట. పాత తాడు ఎండిపోయి ఉంటుంది. లాగితే పిండిలా లేస్తుంది. కొస దొరక్కపోతే పళ్ళతో పట్టుకునేవారట. ఆ నారలో కంటికి ఆనని ఈకలు ఊపిరితిత్తుల్లో దిగబడి, ఇరవై ముప్పయి ఏళ్ళ తర్వాత జబ్బుగా బయటపడతాయని ఆయనకు ఎవరూ చెప్పలేదు. చెప్పేసరికి ఆయన దగ్గుకు పదేళ్ళ వయస్సు. 1995లో సుప్రీంకోర్టు ఒక తీర్పు చెప్పింది: రాతినార పనివాళ్ళ ఆరోగ్యం వివరాలు పనిలో చేరిన నాటినుంచి నలభై ఏళ్ళపాటు, లేక పని మానిన తర్వాత పదిహేనేళ్ళపాటు భద్రంగా ఉంచాలని. మంచి తీర్పే. గనులకూ ఫ్యాక్టరీలకూ రికార్డు పుస్తకాలుంటాయి. చెట్టు క్రింద సైలెన్సరుకు తాడు చుట్టిన కుర్రాడి పేరు ఏ పుస్తకంలో ఉంటుంది?

ఆ మూట మీద ఆయనే నీళ్ళు గుమ్మరించి, రెండు ప్లాస్టిక్ సంచుల్లో కట్టించి పక్కన పెట్టించాడు. మీ ఇళ్ళలో పాత సామాను పెట్టెల్లో ఇట్లాంటి తాడుగాని, అట్టగాని ఉంటే విదిలించి చూడకండి. ఇప్పుడు దొరికే చుట్టుగుడ్డలు గాజునారవి. వాటితో ఆ భయం లేదు. కాని అవి వాననీటిని పట్టి ఉంచి గొట్టాన్ని తుప్పు పట్టిస్తాయి. మన వర్షాకాలానికి అవి పనికిరావని నా అభిప్రాయం.

ఇక పూత. మానిఫోల్డు ఊడదీశాడు. కిరసనాయిలుతో కడిగించి, వైరు బ్రష్షుతో రుద్దించి, తర్వాత పక్క షెడ్డులో ఇనుపరజను గాలితో కొట్టించాడు. బూడిదరంగులో, గరుకుగా, అచ్చం కళాయికి సిద్ధమైన గిన్నెలా వచ్చింది. "ఇంక చేత్తో ముట్టుకోకండి. వేలిముద్ర నూనె చాలు, అక్కడ పొక్కు లేస్తుంది," అన్నాడు. కళాయివాడు గిన్నెలో కాళ్ళు పెట్టి గిరగిర తిరుగుతూ తోమడం, కాచడం, నవాసారం చల్లడం, ఆఖర్ని అరనిమిషంలో తగరం పూయడం చిన్నప్పుడు నేను గంటలకొద్దీ చూసినవాణ్ణి. పని అంతా ముందే ఉంటుంది. పూత అరనిమిషం. అది నాకు గిన్నె విషయంలో తెలుసు. కారు దగ్గరికి వచ్చేసరికి తెలియకుండా పోయింది.

పలుచగా రెండు పూతలు. మందంగా వేస్తే లోపలి ద్రావకం ఉడికి బుడగలు వస్తాయి. ఇంజనుకు అతుక్కునే చదును ముఖానికి పూయకుండా కాగితం అంటించాడు. అక్కడ రంగు ఉంటే కాలిపోయి సందు పడుతుంది. బిగించాక అసలు పరీక్ష నాకు. మొదటి రోజు ఇంజను పది నిమిషాలు మాత్రం మెల్లగా తిప్పి ఆపాలి, పూర్తిగా చల్లారనివ్వాలి. మళ్ళీ ఇరవై నిమిషాలు, మళ్ళీ చల్లారాలి. ఆ తర్వాతనే రోడ్డు. కొలిమి ఉన్నవాళ్ళయితే 120, 200, 315 డిగ్రీలు ఇట్లా మెట్లుమెట్లుగా కాలుస్తారు. ఒకేసారి మంట పెడితే ఏమవుతుందో పక్కింటివారి బకెట్టుకు తెలుసు.

మానిఫోల్డు విప్పినప్పుడే సాయిబుగారు ఒక ప్రశ్న వేశాడు. "బాబుగారూ, ఇక్కడ కార్బురేటరు క్రింద ఒక రేకు ఉండాలి. ఏదీ?" నా గుండె జారింది. 2009లో అది గలగలమంటున్నదని నేనే విప్పి పారేశాను. పారేశాననే అనుకున్నాను. ఇంటికి వచ్చి వెతికితే, మా ఆవిడ దాన్ని తులసికోట దగ్గర దీపానికి గాలి అడ్డంగా పెట్టుకుని నాలుగేళ్ళుగా వాడుకుంటున్నది. "ఇంత మంచి రేకు ఇచ్చెయ్యాలా?" అని గొణిగి ఇచ్చింది. మూడు వంతులు నా కష్టానికి కారణం ఆ రేకు లేకపోవడమే. పూత వేడిని తగ్గిస్తుంది. రేకు వేడికి ఎదురుగా నిలబడుతుంది. పూత గొప్ప వ్రాద్దామని మొదలుపెట్టిన నాకు ఈ మాట ఒప్పుకోవడం కష్టంగానే ఉన్నది.

మా బావమరిది కొడుకు ఒకడున్నాడు, ఇంజనీరు. ఇదంతా విని వాడికి ఉత్సాహం వచ్చింది. "మామయ్యా, బయట ఎందుకు, పిస్టన్ తలకూ వాల్వులకూ కూడా సిరామిక్ పూత వేయిద్దాం. వేడి బయటికి పోకపోతే అంతా బలమే గదా!" అన్నాడు. వాడి మాట గాలిమాట కాదు. అమెరికాలో 1960లలో ఎగిరిన ఎక్స్-15 రాకెట్ విమానానికి ఇంజను గొట్టం లోపల జిర్కోనియా పూత వేశారు. జిర్కోనియా కరగాలంటే రెండువేల ఏడువందల డిగ్రీలు కావాలి. వేడి దానిలోంచి పాకడం ఇనుములో కంటె ఎన్నో రెట్లు తక్కువ. ఇవాళ జెట్ విమానాల టర్బైను రెక్కల మీద ఉన్నదీ అటువంటి పూతే. అయితే ఇనుమూ పింగాణీ వేడికి ఒకే విధంగా సాగవు. మన ఎనామిల్ పళ్ళెం అంచులు పెచ్చులూడటం చూడలేదూ? అందుకని మధ్య ఇంకొక లోహపు పొర వేసి రెంటికీ రాజీ కుదురుస్తారు. ఆ రాజీ కుదరని చోట పెచ్చు లేస్తుంది. గొట్టం మీద పెచ్చు లేస్తే రోడ్డు మీద పడుతుంది. పిస్టన్ మీద లేస్తే సిలిండరును గరుకు కాగితంలా గీస్తుంది.

బలం సంగతి కూడా 1980లలోనే తేల్చి చూశారు. అమెరికా సైన్యం, కమిన్స్ కంపెనీ కలిసి లోపలి భాగాలకు వేడి ఆపే పూతలు వేసి, నీటి చల్లదనం అక్కరలేని డీజిలు ఇంజనుతో సైనిక లారీ నడిపారు. లారీ నడిచింది. కాని ఆపిన వేడిలో ఎక్కువ భాగం చక్రాలకు రాకుండా పొగగొట్టంలోకే పోయింది. దాన్ని మళ్ళీ పట్టుకోవడానికి వేరే టర్బైను కావలసివచ్చింది. ఇది చెబితే మావాడు కాసేపు ఆలోచించి, "అయితే గొట్టానికే వేయిద్దాం," అన్నాడు. క్రొత్త కార్లలో అది మంచిదే. పొగను శుభ్రం చేసే కాటలిటిక్ కన్వర్టరు సుమారు రెండువందల యాభై డిగ్రీలకు పైన గాని పని మొదలుపెట్టదు. దానిదాకా వేడి పోకుండా ఉంటే అంత మేలు. మా కారుకు అట్లాంటి పరికరమేమీ లేదు. ఉన్నదల్లా రేకు.

2016లో సాయిబుగారు పోయారు. షెడ్డు ఇప్పుడు వాళ్ళ అబ్బాయి చూస్తున్నాడు. పాత తాడు ఉన్న బండి వస్తే తడిపి, ముక్కుకు సరైన మాస్కు తగిలించుకున్న తర్వాతనే చెయ్యి వేస్తాడు. కుర్రాళ్ళను దగ్గరికి రానివ్వడు.

2018 మే నెలలో మా చెల్లెలి రెండో కూతురి పెళ్ళి నిశ్చయమయింది. మళ్ళీ సూర్యాపేటే, మళ్ళీ పగటి ముహూర్తమే. చెల్లెలు ఫోను చేసి, అన్నీ చెప్పి, చివర్న కాస్త ఆగి, "అన్నయ్యా, ఈసారి బస్సులో వచ్చెయ్యి," అన్నది. ఐదేళ్ళుగా అనని మాట అది. నేను కారులోనే వెళ్ళాను. కాకపోతే ముందు రోజు సాయంత్రం బయలుదేరాను. ధైర్యమనండి, పిరికితనమనండి. బుట్ట మోశాను. పిల్ల బరువు కంటె బుట్ట బరువు ఎక్కువని, నడుము గురించి అడగవద్దని మాత్రం చెబుతాను.

భోజనాలయ్యాక, మిట్టమధ్యాహ్నం, చెల్లెలు నన్ను వెతుక్కుంటూ వచ్చింది. పురోహితుడుగారికి సాయంత్రం కోదాడలో ఇంకొక కార్యం ఉన్నదట, బస్సు తప్పిపోయిందట. "నువ్వు దింపి రా, అన్నయ్యా. కారు ఉన్నది గదా," అన్నది.

ఎండ మండిపోతున్నది. సగం దూరం వెళ్ళాక శాస్త్రిగారు కొబ్బరిబొండాల బండి చూసి, "కాస్త ఆపండి నాయనా, గొంతు ఎండిపోతున్నది," అన్నారు. చెట్టునీడ లేదు. కారు ఆపాను, ఇంజను కూడా ఆపాను. ఆయన తీరికగా రెండు బొండాలు త్రాగి, లేతకొబ్బరి గీకించుకుని తిన్నారు. పావుగంట పట్టింది. బానెట్టు ఎత్తి చూడాలని ఉన్నా చూడలేదు. తాళంచెవి త్రిప్పాను.

రెండో త్రిప్పుకు అంటుకున్నది.